చెరువు నుంచి చెరువుకు: నల్లగొండ గుట్టల్లో సైకిల్ దారులకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండ, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో సైకిల్ ప్రయాణం అనుకోగానే చాలామంది పటంలో కోటలూ గుళ్లూ గుర్తుపెట్టి, వాటిని ఫోను చూపించిన దగ్గరి దారిలో కలుపుకుంటారు. ఫోనుకు నీడ తెలియదు, లారీలు పట్టవు. తీసుకెళ్లి విజయవాడ హైవే మీద వదిలేస్తుంది. ఈ ప్రాంతంలో దారి వేసుకోవడానికి అంతకంటే నమ్మకమైన పద్ధతి ఒకటుంది: ముందు రోడ్లను కాదు, చెరువులను వెతకండి.

కారణం చరిత్రలోనే ఉంది. రెండు గుట్టల మధ్య పారే వాగుకు అడ్డంగా కట్ట పోస్తే చెరువు. కట్ట కింద ఆయకట్టు, ఆ అంచున ఊరు, తూము దగ్గర గుడి, కట్ట మీద మైసమ్మ. కందూరు చోడులు ఏలినా, కాకతీయులు ఏలినా, ఆ తర్వాత రాచకొండ, దేవరకొండ పద్మనాయకులు ఏలినా ఈ అమరిక మారలేదు. అందుకే చెరువుల వెంట సాగే దారిలో పాత ఊళ్లు వాటంతట అవే వస్తాయి. నీడా దొరుకుతుంది, చాయ్ కొట్టూ దొరుకుతుంది. చెరువులు లేని దారిలో దొరికేది ఎండ ఒక్కటే.

దారి గీసుకోవడం

ఫోనులో ఉపగ్రహ పటం తెరవండి. చెరువులు విడివిడిగా కాక వరుసగా కనిపిస్తాయి. పై చెరువు అలుగు పోస్తే ఆ నీళ్లు కింది చెరువులోకి చేరతాయి. వీటినే గొలుసుకట్టు చెరువులంటారు. సైకిల్ మనిషికి ఇది పనికొచ్చే సమాచారం. గొలుసు వెంట పోయే రోడ్డు వాగు వాలునే పట్టుకుని మెల్లగా దిగుతుంది, లేదా మెల్లగా ఎక్కుతుంది. ఒక గొలుసు నుంచి పక్క గొలుసుకు అడ్డంగా పోయే రోడ్డు మాత్రం మధ్యలో ఉన్న మిట్టను ఎక్కి దిగాల్సిందే. ఒక రోజు దారిలో ఎన్ని మిట్టలు దాటుతున్నారో లెక్కపెట్టుకుంటే, ఎన్నిసార్లు చెమటోడ్చాలో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. కొత్తవారు రెండు మిట్టలకు మించి పెట్టుకోవద్దు.

పెద్ద వాలు కూడా గుర్తుంచుకోవాలి. ఇక్కడి నేల మొత్తంగా చూస్తే కృష్ణ వైపే వాలి ఉంది. మూసీ తూర్పుకు వెళ్లి, తర్వాత ఆగ్నేయానికి తిరిగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాబట్టి భువనగిరి నుంచి నల్లగొండకు తొక్కితే, మధ్యలో ఎన్ని ఎగుడుదిగుళ్లున్నా, చివరికి దిగినట్టే లెక్క. తిరుగు ప్రయాణం దానికి వడ్డీతో సహా ఎక్కుడు. సికింద్రాబాద్–గుంటూరు రైలు మార్గం వలిగొండ, రామన్నపేట, చిట్యాల మీదుగా నల్లగొండకు వెళ్తుంది గనుక, ఒకవైపు తొక్కి మరోవైపు రైలెక్కడం తెలివైన పని. సైకిల్‌ను లగేజీగా రాయించుకోవడానికి స్టేషన్‌కు కాస్త ముందుగా చేరండి. ప్యాసింజర్ రైళ్ల వేళలు మారుతుంటాయి కాబట్టి వాటిని చూసుకున్నాకే మిగతా లెక్కలు వేయండి.

65, 163 నంబర్ల జాతీయ రహదారులను అడ్డంగా దాటడానికే వాడండి, వాటి వెంట తొక్కడానికి కాదు. మండలం నుంచి మండలానికి వెళ్లే రోడ్లు బాగుంటాయి. పంచాయతీరాజ్ రోడ్లు ఇంకా బాగుంటాయి, కానీ కొన్ని ఉన్నట్టుండి కంకరలోకి దిగిపోతాయి. ఆర్టీసీ బస్సు తిరిగే ఊరికి తారు రోడ్డు ఉంటుందన్నది దాదాపు తప్పని లెక్క. కాలువ వెంట తిన్నగా కనిపించే గీతను చూసి మురిసిపోకండి. అది తరచుగా మట్టిబాటే, పైగా చెట్టన్నది ఉండదు.

ఊళ్లో దారి అడగడానికీ ఒక పద్ధతి ఉంది. "అన్నా, రోడ్డు బాగుందా?" అంటే "మంచిగనే ఉంది" అనే జవాబు వస్తుంది. చెప్పేది మోటారు సైకిల్ మీద తిరిగే మనిషి, ఆయనకు అది నిజంగానే బాగుంటుంది. "కంకర పరిచారా? ఆటో పోతుందా? కల్వర్టు పని నడుస్తోందా?" అని విడివిడిగా అడగండి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది.

కాలం, గాలి, గంట

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. మార్చి నుంచి ఉదయం తొమ్మిదిన్నర దాటితే తారు వేడెక్కుతుంది. మే నెలలో నల్లగొండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు సైకిల్‌ను గోడకు ఆనించి ఉంచడమే మేలు. బండరాతి గుట్టలు పగలంతా తాగిన వేడిని రాత్రి పొద్దుపోయేదాకా వదులుతూనే ఉంటాయి. అందుకని ఎండాకాలం సాయంత్రం ప్రయాణం కంటే తెల్లవారుజాము ప్రయాణమే నయం.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలి పడమటి నుంచి, నైరుతి నుంచి వీస్తుంది. ఆషాఢ గాలి సంగతి ఈ పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ నెలల్లో ఒళ్లు తాజాగా ఉన్న పొద్దుటిపూట పడమటికి, గాలికి ఎదురు తొక్కండి. అలసి తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి నెడుతుంది. ఈ ఒక్కటీ తిప్పి పెట్టుకుంటే నలభై కిలోమీటర్లు ఎనభైలా అనిపిస్తాయి.

కోతల కాలాన్ని మాత్రం చాలామంది మరిచిపోతారు. వానాకాలం వరి అక్టోబరు, నవంబరు నెలల్లో, యాసంగి వరి ఏప్రిల్, మే నెలల్లో రోడ్డెక్కుతుంది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, వాటి అంచున వరుసగా రాళ్లు పేరుస్తారు. వడ్ల మీద టైరు ఎక్కితే జారుతుంది. అంతకంటే ముఖ్యం, అవి ఒక కుటుంబం ఆరు నెలల కష్టం, వాటి మీద టైరు పోనివ్వకూడదు. ఎదురుగా వాహనం వస్తుంటే ఆగి, అది వెళ్లాకే కదలండి. చీకటి పడ్డాక ఆ రాళ్లు అసలు కనిపించవు. కోతల కాలంలో రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

నీళ్లు

చౌటుప్పల్, మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి అది నీళ్లలోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రమాణం. ఈ నేలలో అంతకు మించిన నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన తరాలున్నాయి. కృష్ణా నీళ్లను ఇంటింటికీ తెచ్చే మిషన్ భగీరథ పథకానికి గుర్తుగా 2015లో పైలాన్ స్తంభాన్ని చౌటుప్పల్‌లో నిలబెట్టడం ఊరికే కాదు. మీరు ఒక రోజు బోరు నీళ్లు తాగితే కొంప మునగదు. అయినా బోరింగు కనిపించగానే సీసా పట్టకుండా, "కృష్ణా నీళ్లు వస్తున్నాయా?" అని అడిగి నింపుకోండి. ఆ మాట ప్రతి ఇంట్లోనూ అర్థమవుతుంది. ఊళ్లలో శుద్ధి చేసిన నీళ్లు అమ్మే కేంద్రాలూ ఉన్నాయి. బోరు నీళ్లు తలమీద, మెడమీద పోసుకోవడానికి భేషుగ్గా పనికొస్తాయి.

రెండు సీసాలు తప్పనిసరి. ఒకదానిలో ఉప్పు, కాస్త చక్కెర, నిమ్మరసం కలుపుకోండి. తినడానికి కొన్న పొట్లాలేవీ అక్కర్లేదు. నల్లగొండ బత్తాయి తోటలకు పేరున్న జిల్లా, వేసవి మొదట్లో రోడ్డు పక్కన తాటిముంజలు దొరుకుతాయి, దసరా నుంచి సీతాఫలాలు. సీతాఫలం తిన్నాక మాత్రం పావుగంట ఆగి ఎక్కండి. తీపి ఎక్కువ, కడుపులో బరువు.

బండి

సన్నని పోటీ టైర్లు ఇక్కడికి సరిపడవు. 28 మిల్లీమీటర్లకు తక్కువ వద్దు, 32 అయితే హాయి. గాలి కూడా రాయిలా బిగించకుండా కొంచెం తగ్గించండి. గుట్టల్లో ఎక్కుళ్లు పొడవు తక్కువ, నిటారు ఎక్కువ. కాబట్టి వెనక పెద్ద పళ్ల చక్రం 32 పళ్లదైనా ఉండాలి.

పంక్చరు చేసేవి ముఖ్యంగా రెండు: సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ. తుమ్మముల్లు లోతుగా దిగి లోపలే విరుగుతుంది. ట్యూబు మార్చేముందు టైరు లోపలంతా వేలితో తడిమి ఆ మొన తీయకపోతే కొత్త ట్యూబూ పోతుంది. పల్లేరు కాయ అంచుల్లో ఉంటుంది. టీ కోసం ఆగి బండిని గడ్డిలోకి దొర్లించినప్పుడే అంటుకుంటుంది. ఆగినప్పుడు బండిని ఎత్తి పెట్టడం అలవాటు చేసుకోండి.

పల్లెల్లో పంక్చరు షాపు లేని ఊరు తక్కువ. అయితే వాళ్ల పంపు మోటారు సైకిల్ వాల్వుకు సరిపోతుంది. రోడ్డు సైకిళ్లకు ఉండే సన్నని ప్రెస్టా వాల్వుకు పట్టదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే ఏ షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు. దాంతోపాటు రెండు ట్యూబులు, టైరు లీవర్లు, ప్యాచీలు, చేతిపంపు, టైరు చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క. ఇవి చాలు.

మొదటి దారి: బీబీనగర్ నుంచి రాచకొండకు

అన్ని దారుల్లో నేను ముందు పెట్టేది ఇదే. మూసీ, మగ్గం, మండల రోడ్లు, చివర్లో కోట. వెళ్లడానికే సుమారు యాభై ఐదు, అరవై కిలోమీటర్లు. రెండు రోజులు పెట్టుకుంటే ఊళ్లు చూడగలరు. ఒక్క రోజులో అయితే తారు మాత్రమే చూస్తారు.

సికింద్రాబాద్–కాజీపేట మార్గంలో బీబీనగర్ దగ్గర దిగండి. అక్కడి నుంచి దక్షిణానికి పోచంపల్లి రోడ్డు. రుద్రవెల్లి, జూలూరు మధ్య మూసీ దాటాలి. వరదొస్తే ఇక్కడి లోతట్టు వంతెన మునిగి రాకపోకలు ఆగిపోతాయి. వానాకాలంలో బయలుదేరే ముందు ఈ ఒక్క చోటు గురించి ఆరా తీయండి. నీళ్లు పారుతున్నప్పుడు, మోకాలి లోతే కదా అని సైకిల్ ఎత్తుకుని దాటే సాహసం వద్దు. మామూలు రోజుల్లో ఆగాల్సిన అవసరమే ఉండదు. హైదరాబాద్ వదిలిన నురుగు, వాసన మిమ్మల్ని ఆగనివ్వవు.

భూదాన్ పోచంపల్లిలో గంటన్నర కేటాయించండి. 1951 ఏప్రిల్ 18న ఇక్కడికి కాలినడకన వచ్చిన వినోబా భావే భూమిలేని దళిత కుటుంబాల గోడు విన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా దీన్ని గుర్తించింది. అయినా ఊరి అసలు ఆసక్తి పలకల మీద లేదు, వీధుల్లో ఉంది. సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్తే మగ్గం చప్పుడు ఏ ఇంట్లోంచి వస్తోందో తెలుస్తుంది. గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, చూడొచ్చా?" అని అడిగితే సాధారణంగా కాదనరు.

లోపల చూడాల్సింది నేత కంటే ముందు జరిగే పని. నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసి, నమూనా ప్రకారం అక్కడక్కడా బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి, మళ్లీ వేరేచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. చీరలో కనిపించే ఆ మసక అంచుల పువ్వు మగ్గం ఎక్కకముందే దారంలో పూర్తయి ఉంటుంది. ఆ కట్లు రబ్బరు పట్టీలతో వేస్తారు. పాత సైకిల్ ట్యూబులను సన్నగా కోసి వాడేవారూ ఉన్నారు. అతుకులకు లొంగని ట్యూబు మీ సంచీలో ఉంటే ఇచ్చిరండి. ఆసు పోసేటప్పుడు చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి పడే ఆ బాధ చూడలేక ఆసు యంత్రం తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం ఈ జిల్లావారే, ఆలేరు దగ్గరి శారాజీపేట ఆయన ఊరు.

పోచంపల్లి నుంచి చౌటుప్పల్ వరకు దారి సులువే. చౌటుప్పల్‌లో 65వ నంబరు రహదారిని దాటాలి. తొందరపడకుండా, అవసరమైతే దిగి నడిచి దాటండి. అక్కడే భోజనం, బస చూసుకోండి, తర్వాత రెండూ కష్టం. అవతల సంస్థాన్ నారాయణపురం వైపు తిరగగానే లారీల మోత ఆగి, పత్తి చేలు మొదలవుతాయి. ఎదురుగా రాచకొండ గుట్టలు కనిపిస్తాయి.

నారాయణపురం దాటాక ఒక్కో మిట్ట ఎత్తు పెరుగుతుంది. ఇక్కడ తప్పు చేసేది కాళ్లు కాదు, తొందర. మిట్ట మొదట్లోనే చిన్న గేరుకు మారండి. ఎక్కుడు మధ్యలో బలంగా తొక్కుతూ మారిస్తే చైను ఊడుతుంది. నిమిషానికి డెబ్బై, ఎనభై తొక్కుళ్లు పడేలా చూసుకోండి. ఊపిరి ఆడుతూ రెండు మాటలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. ఇక చివరి భాగంలో తండాల మధ్య దారి సన్నబడుతుంది, అక్కడక్కడా కంకర తేలి ఉంటుంది. కొన్ని చోట్ల దిగి నడవడంలో నామోషీ లేదు.

రాచకొండ 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. అలంకారశాస్త్రం మీద సంస్కృతంలో ప్రామాణిక గ్రంథం రాసిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఏలింది ఈ గుట్టల నుంచే. 2016లో పోలీస్ కమిషనరేట్‌కు ఈ పేరు పెట్టాక రాచకొండ అనగానే జనానికి చలానాలు గుర్తొచ్చేవి, పాపం సింగభూపాలుడు! కోటలో గోడను దగ్గరగా చూడండి. పెద్దపెద్ద బండలను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు. ద్వారాలకు కమానులు లేవు, అడ్డంగా పెట్టిన రాతి దూలాలే. సైకిల్‌ను కింద ఊళ్లో ఎవరింటి దగ్గరైనా చెప్పి పెట్టి, మామూలు చెప్పులతో ఎక్కండి. పెడల్‌కు బిగించే బూట్లు బండరాయి మీద జారతాయి. సాయంత్రం నాలుగున్నరకు కిందికి దిగి ఉండాలి, ఆరింటికి చౌటుప్పల్ చేరాలి.

రెండో దారి: భువనగిరి, కొలనుపాక

కొత్తవారికి ఇది సరిపోతుంది. భువనగిరి స్టేషన్‌లో దిగితే ఊరికి అండగా నిలబడ్డ ఏకశిల కనిపిస్తుంది. మీద కోట కట్టించినవాడు పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడని చెబుతారు. పొద్దున్నే ఎక్కి దిగి, తర్వాత ఆలేరు వైపు తొక్కండి. యాదగిరిగుట్ట రోడ్డులో శని, ఆదివారాలు కార్ల రద్దీ విపరీతం, పైగా కోతులు హ్యాండిల్‌కు వేలాడే సంచీని వదలవు. వారం మధ్యలో వెళ్లండి, లేదా గుట్టను పక్కన పెట్టి రాజాపేట మీదుగా తిరగండి. అక్కడ పాత సంస్థానపు కోట శిథిలంగా ఉంది.

ఆలేరు నుంచి కొలనుపాక ఆరేడు కిలోమీటర్లే. ఒకే ఊళ్లో ప్రసిద్ధ జైన క్షేత్రమూ, వీరశైవులకు పవిత్రమైన సోమేశ్వరాలయమూ ఉన్నాయి. సోమేశ్వరాలయ ఆవరణలో చేర్చిన శిల్పాలను తీరిగ్గా చూడండి. ఒంటికి అతుక్కునే సైకిల్ నిక్కరుతో గుళ్లోకి వెళ్లకూడదు. చుట్టుకోవడానికి పలుచని లుంగీ ఒకటి ఉంచుకుంటే ఈ సమస్య ఏ ఊళ్లోనూ రాదు.

మూడో దారి: పానగల్లు

నల్లగొండ పట్టణానికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో పానగల్లు, దాని పక్కనే ఉదయ సముద్రం. కందూరు చోడుల రాజధాని ఇది. చెరువు, ఊరు, గుడి ఎలా కలిసి ఉంటాయో పైన చెప్పిన అమరికకు ఇంతకంటే మంచి నమూనా దొరకదు. ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లున్నాయి. వాటిలో ఒకదానిలో లింగం వెనక నిలువు నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు నడుస్తున్నా నీడ నడవదు. మండపంలోకి పక్కల నుంచి వచ్చే వెలుతురుకు స్తంభాలు అడ్డుపడటం వల్ల ఏర్పడే నీడ అది, నేరుగా పడే ఎండ వల్ల కాదు. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత కథలు చెక్కారు. పక్కనే మ్యూజియం ఉంది. ఒక పూట చాలు. కాళ్లలో ఇంకా సత్తువ ఉంటే కనగల్ వైపు తొక్కి తిరిగి రావచ్చు.

నాలుగో దారి: డిండి నుంచి మన్ననూరు ఘాటు

ఇది అనుభవం ఉన్నవారికే. దేవరకొండలో రాత్రి ఆగి, పొద్దున్నే కోట కింద నుంచి బయలుదేరి డిండి చేరండి. జలాశయం దాటాక శ్రీశైలం రోడ్డు మీద హాజీపూర్, అక్కడి నుంచి రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా చెప్పే ఈ క్షేత్రం కొండచరియ కింద ఒదిగి ఉంది. ఎక్కుడు మొదలవకముందే నీళ్లు నింపుకోవడానికి అనువైన చోటు.

తర్వాత మన్ననూరు ఘాటు, అమ్రాబాద్ పీఠభూమి మీదికి ఎక్కే రోడ్డు. ఇది పక్కనున్న నాగర్‌కర్నూల్ జిల్లాలోది, ఈ నాలుగు దారుల్లో నిజంగా పొడవైన ఎక్కుడంటే ఇదే. మొదటి మలుపుల్లో ఉత్సాహం ఆపుకుని, సగం తర్వాతే బలం పెట్టండి. మలుపు లోపలి అంచు నిటారుగా ఉంటుంది, బయటి అంచు కాస్త పలుచన. వెనక వాహనం లేదని రూఢి చేసుకున్నాకే ఎడమ అంచు వదలండి. శ్రీశైలం బస్సులు మలుపు ముందు హారన్ కొడతాయి, వినబడగానే పక్కకు ఒదగండి. చెవుల్లో పాటలు వద్దు.

మన్ననూరు చెక్‌పోస్టు నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు గేటు మూసేస్తారు. లోపల దుకాణాలు బహు తక్కువ, ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, సహాయం కోసం 108కి చేయాలన్నా కుదరకపోవచ్చు. ఒంటరిగా అయితే గేటు దగ్గర చాయ్ తాగి వెనక్కి తిరగడమే సరైన నిర్ణయం. గుంపుగా వెళ్లేవారు కూడా మధ్యాహ్నం రెండు దాటాక లోపలికి దిగవద్దు. కోతులకు తినడానికి ఏమీ వేయకండి, ప్లాస్టిక్ సీసాలు పారేయకండి.

దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకుండా, మలుపుకు ముందు రెండింటినీ కలిపి నొక్కి, మలుపులో వదలండి. అదేపనిగా నొక్కితే రిమ్ములు వేడెక్కి ట్యూబు పేలవచ్చు. ఘాటు సగంలో ఒకసారి ఆగి రిమ్మును ముట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేకపోతే పది నిమిషాలు అక్కడే కూర్చోండి. కిందికి వచ్చాక ఒంట్లో ఓపిక లేకపోతే అచ్చంపేట బస్టాండు దగ్గరే ఉంది. హైదరాబాద్ బస్సులో సైకిల్‌కు చోటిస్తారా లేదా అన్నది కండక్టర్ దయ. రద్దీ లేని మధ్యాహ్నపు బస్సు అయితే, ముందు చక్రం విప్పి పట్టుకుని అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.